వేరియబుల్ అనవసర పునర్నిర్వచనం: లింటర్ పట్టేది, పట్టనిది

కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక వేరియబుల్‌కు విలువ ఇచ్చి, దాన్ని ఒక్కసారైనా వాడకముందే అదే పేరుకు ఇంకో విలువ ఇస్తే మొదటిది వృథా అవుతుంది. దీన్నే అనవసర పునర్నిర్వచనం అంటారు. ప్రోగ్రామును నడపకుండా, రాసిన కోడ్‌ను మాత్రమే చదివి ఇలాంటి తావుల్ని ఎత్తిచూపే పనిముట్టు లింటర్. కొన్ని తప్పుల్ని కంపైలర్ ఆపేస్తుంది, కొన్ని ప్రోగ్రాము నడుస్తుండగా అడ్డం పడతాయి. ఈ రెంటికీ చిక్కని మూడో రకం ఒకటుంది. వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, ప్రోగ్రాము చివరిదాకా నడుస్తుంది, జవాబు మాత్రం తప్పుతుంది. అనవసర పునర్నిర్వచనాల్లో చాలా భాగం ఈ మూడో రకానివే.

తెలంగాణలో జిల్లాల సమాచారంతో పనిచేసే ఎవరికైనా ఈ చిక్కు త్వరగా ఎదురవుతుంది. పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడిన తీరే అలాంటిది. ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

రెండు వరుసలు, రెండూ నిజాలే

పైథాన్ 3లో వేరియబుల్‌కు తెలుగులోనే పేరు పెట్టవచ్చు. మార్టిన్ ఫాన్ లోవిస్ 2007లో రాసిన పెప్ 3131 ప్రతిపాదనతో ఈ వీలు వచ్చింది. కాబట్టి కింది రెండు వరుసలూ సక్రమమైన పైథాన్ కోడే.

భూపాలపల్లి = 711434
భూపాలపల్లి = 416763

రెండూ జయశంకర్ భూపాలపల్లి జిల్లా జనాభా అంకెలు. రెండూ 2011 జనగణనవే, రెండూ సరైనవే. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, తెలంగాణ జిల్లాలు పది నుంచి ముప్పై ఒకటి అయ్యాయి. అప్పుడు ములుగు, ఏటూరునాగారం, వాజేడు, వెంకటాపురం వైపు ఊళ్లన్నీ భూపాలపల్లిలోనే ఉండేవి. ఆ ఎల్లల ప్రకారం జనాభా 7,11,434. 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరే జిల్లా అయ్యింది. 2,94,671 మంది అటు పోగా ఇటు మిగిలింది 4,16,763. కూడితే లెక్క ఒక్కటి కూడా తేడా రాదు.

యంత్రానికి ఈ చరిత్ర అక్కర్లేదు. రెండో వరుస నడవగానే మొదటి అంకె పోతుంది. ఆ తర్వాత ఎవరైనా 2017 నాటి మలేరియా కేసుల్నో రోడ్డు ప్రమాదాల్నో లక్ష జనాభాకు ఎన్ని అని లెక్కిస్తే, కేసులు పెద్ద జిల్లావి, భాగించేది చిన్న జిల్లా జనాభాతో. రేటు దాదాపు 1.7 రెట్లు పెరిగి కనిపిస్తుంది. ప్రోగ్రాము ఆగదు, ఎర్రర్ రాదు, పట్టిక ముచ్చటగా అచ్చవుతుంది.

ఇలాంటి చోటును పట్టగల లింటర్ చెప్పేది ఒక్కటే: మొదటి వరుసలో ఇచ్చిన విలువను ఎవరూ వాడలేదు. వెంటనే తోచే చికిత్స ఆ వరుసను చెరిపేయడం. చెరిపితే వార్నింగ్ పోతుంది, కోడ్ శుభ్రంగా కనిపిస్తుంది, లెక్క మాత్రం ఎప్పటికీ తప్పుగానే ఉండిపోతుంది. లింటర్ వార్నింగును ఊడ్చేయాల్సిన చెత్తలా చూసేవాళ్లకూ, రెండు ఉద్దేశాలు ఢీకొన్న చోటుకు గుర్తులా చూసేవాళ్లకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఈ వ్యాసకర్త రెండో పక్షం.

రకాలు

ఒకే పేరును మళ్లీ నిర్వచించడం అన్నిచోట్లా ఒకే రకంగా ఉండదు. పైన చూసింది వృథా నిల్వ: విలువ పెట్టారు, చదవలేదు, మళ్లీ పెట్టారు. రెండోది ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు లేదా రెండు క్లాసులు రాయడం. మూడోది ఒకే మాడ్యూల్‌ను రెండుసార్లు తెచ్చుకోవడం, అంటే దిగుమతి చేసుకోవడం. ఇది హాని చేయదు గానీ ఆ ఫైల్‌లో ఎన్ని చేతులు పడ్డాయో చెబుతుంది. నాలుగోది కప్పివేత. బయట ఒక పేరు ఉండగా ఫంక్షన్ లోపల అదే పేరుతో కొత్త వేరియబుల్ పుడుతుంది, బయటిది అలాగే ఉంటుంది.

కప్పివేతకు వాహనాల నంబర్లు మంచి ఉదాహరణ. టీఎస్ 25 భూపాలపల్లి, 26 మహబూబాబాద్, 27 జనగామ. 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు టీఎస్ బదులు టీజీ వచ్చింది. ఫైల్ పైభాగాన ఒక వేరియబుల్‌లో "టీఎస్" అని పెట్టుకున్న ప్రోగ్రామును ఆ నెలలో ఎవరో సవరించారనుకుందాం. ఫంక్షన్ లోపల అదే పేరుకు "టీజీ" ఇచ్చి పని అయిపోయిందనుకున్నారు. పైథాన్‌లో ఫంక్షన్ లోపల విలువ ఇస్తే, గ్లోబల్ అని ప్రత్యేకంగా చెబితే తప్ప, అది కొత్త లోపలి వేరియబుల్ అవుతుంది. ఫంక్షన్ ముగియగానే టీజీ మాయమవుతుంది, మిగతా ప్రోగ్రాము అంతటా టీఎస్ కొనసాగుతుంది. పైలింట్ అనే పైథాన్ లింటర్ దీన్ని బయటి పేరును మళ్లీ నిర్వచించారంటూ డబ్ల్యూ0621 అనే సంకేతంతో చూపిస్తుంది. లోపలి విలువను ఎవరూ చదవకపోతే పైఫ్లేక్స్ అనే ఇంకో లింటర్ కూడా ఎఫ్841 కింద చెబుతుంది. రెండు వార్నింగులు ఒకే వరుస మీద పడితే తప్పు దాదాపు ఖాయం.

టీఎస్ నంబరు ఉన్న పాత బండ్లు ఇప్పటికీ అదే నంబరుతో తిరుగుతున్నాయి. కాబట్టి పాత విలువను తీసి కొత్తది పెట్టడం కూడా ఇక్కడ సరైన సవరణ కాదు. రెండూ ఉండాలి, పక్కన తేదీ ఉండాలి.

లింటర్ ఎలా చదువుతుంది

లింటర్ ముందుగా కోడ్‌ను వాక్యనిర్మాణ వృక్షంగా మారుస్తుంది. ఏ పేరు ఎక్కడ పుట్టింది, ఎక్కడ చదవబడింది, ఏ పరిధిలో చెల్లుతుంది అన్నది ఆ వృక్షం మీద నడుస్తూ రాసుకుంటుంది. ఒకే పరిధిలో ఒక పేరు రెండుసార్లు పుట్టి, నడుమ ఒక్క చదువూ లేకపోతే వార్నింగ్ ఇస్తుంది. ఒకే పేరుతో ఉన్న ఫంక్షన్లు, దిగుమతుల విషయంలో ఇంతటితో చాలావరకు పని జరిగిపోతుంది.

మామూలు వేరియబుళ్లకు ఇది చాలదు, ఎందుకంటే ప్రోగ్రాము నడిచే దారి చీలుతుంది. మూడు అడుగుల చిన్న ప్రోగ్రాము తీసుకుందాం. మొదటి అడుగులో జిల్లా అనే వేరియబుల్‌కు "వరంగల్" అని ఇస్తాం. రెండో అడుగులో మండలం పేరు పాలకుర్తి అయితే జిల్లాను "జనగామ" అని మారుస్తాం. మూడో అడుగులో జిల్లాను అచ్చు వేస్తాం. మొదటి విలువ వృథానా? కాదు. పాలకుర్తి కాని మండలం వస్తే "వరంగల్" అనే మాటే అచ్చవుతుంది. ఇప్పుడు రెండో అడుగుకు ఇంకో కొమ్మ చేర్చి, పాలకుర్తి కాకపోతే "మహబూబాబాద్" అని పెడితే కథ మారుతుంది. ఏ దారిన పోయినా మొదటి విలువ చెరిగిపోతుంది కాబట్టి అది ఆ క్షణం నుంచే వృథా.

ఈ తేడాను పట్టే పద్ధతి పేరు సజీవ వేరియబుల్ విశ్లేషణ. ఇది ప్రోగ్రామును చివరి నుంచి మొదటికి చదువుతుంది. ప్రతి వరుస దగ్గరా ఇకముందు అవసరపడే పేర్ల జాబితా ఒకటి ఉంటుంది. ఏదైనా పేరును చదివే వరుస వస్తే ఆ పేరు జాబితాలో చేరుతుంది, విలువ ఇచ్చే వరుస వస్తే జాబితా నుంచి తొలగిపోతుంది. తొలగించబోయే సమయానికి ఆ పేరు జాబితాలో లేకపోతే ఆ విలువ ఎవరికీ అక్కర్లేదన్నమాట. కొమ్మలు కలిసే చోట రెండు జాబితాలనూ కలుపుతారు. లూపు ఉంటే జాబితా మారడం ఆగేదాకా మళ్లీ మళ్లీ తిరుగుతారు. గ్యారీ కిల్డాల్ 1973లో ఇలాంటి విశ్లేషణలన్నిటికీ ఒక ఉమ్మడి చట్రం కట్టాడు. అసలు ఉద్దేశం తప్పులు పట్టడం కాదు, కంపైలర్లు వేగమైన కోడ్ తయారుచేయడం.

ఈ విశ్లేషణకు హద్దు ఉంది. ఏ కొమ్మ నిజంగా నడుస్తుందో ప్రోగ్రామును నడపకుండా అన్నివేళలా తేల్చలేమని 1953లో హెన్రీ రైస్ నిరూపించిన సిద్ధాంతం నుంచి తెలుస్తుంది. అందుకని ప్రతి లింటర్ ఏదో ఒక వైపు మొగ్గాలి. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ చెబితే వాడేవాళ్లు విసిగి ఆపేస్తారు, ఖాయమైనవే చెబితే కొన్ని తప్పులు జారిపోతాయి.

లింట్ నుంచి రఫ్ దాకా

మొదటి లింట్‌ను బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం రాశాడు. దాని నివేదిక 1978 నాటిది, 1979లో ఏడో యూనిక్స్ సంచికతో పాటు అది బయటికొచ్చింది. యాక్ అనే పార్సర్ తయారీ సాధనమూ ఆయనదే. అప్పటి సీ కంపైలర్ పని కోడ్‌ను త్వరగా యంత్రభాషలోకి దించడం. ఫైళ్లన్నిటినీ ఒక్కచోట చేర్చి నిదానంగా అనుమానించే పని లింట్‌కు వదిలేశారు. ఈ పని విభజన యాభై ఏళ్లు కావస్తున్నా చాలా భాషల్లో అలాగే ఉంది.

జావాస్క్రిప్ట్‌కు 2002లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ జేఎస్‌లింట్ చేశాడు. 2013లో నికొలస్ జకాస్ మొదలుపెట్టిన ఈఎస్‌లింట్ దాన్ని దాటిపోయింది, కారణం నియమాలను ఎవరికి వారు చేర్చుకునే, తీసేసుకునే స్వేచ్ఛ. పైథాన్‌లో పైలింట్ 2003 నుంచి ఉంది. పైఫ్లేక్స్ దానికంటే మితభాషి. 2022లో చార్లీ మార్ష్ రస్ట్ భాషలో రాసిన రఫ్ ఈ పాత నియమాలనే తీసుకుని ఎన్నో రెట్లు వేగంగా నడిపింది. రఫ్ వచ్చాక లింటర్ నడవడానికి టైమ్ పడుతుందన్న సాకు పోయింది.

భాషను బట్టి చిక్కు తీరు మారుతుంది. జావాస్క్రిప్ట్‌లో వార్ అనే మాటతో ఒకే పేరును ఎన్నిసార్లయినా ప్రకటించవచ్చు, 2015లో వచ్చిన లెట్‌తో రెండోసారి ప్రకటిస్తే అది నేరుగా వ్యాకరణ దోషం. జావాలోనూ అంతే. విలువ వృథా కావడాన్ని పట్టే నియమం మాత్రం ఈఎస్‌లింట్ ప్రధాన నియమాల్లోకి 2024లో తొమ్మిదో సంచికతోనే వచ్చింది. గో భాషలో అసలు వాడని వేరియబుల్ ఉంటే కంపైలర్ ఒప్పుకోదు. కానీ ఒకసారి వాడి, తర్వాత ఇచ్చిన విలువను చదవకుండా వదిలేస్తే ఒప్పుకుంటుంది. ఆ సందును స్టాటిక్‌చెక్ అనే సాధనం ఎస్ఏ4006తో మూస్తుంది. గో రాసేవాళ్లు ఎర్రర్ విలువను ఒకే పేరులో వరుసగా పెట్టుకుంటూ పోతారు కాబట్టి, చూడకుండా వదిలేసిన ఎర్రర్లు ఎక్కువగా ఇక్కడే దొరుకుతాయి. రస్ట్‌లో లెట్‌తో పాత పేరును కప్పేయడం తప్పు కాదు సరికదా, మంచి శైలి. వృథా విలువకు మాత్రం కంపైలరే వార్నింగ్ ఇస్తుంది. ఎర్లాంగ్ లాంటి భాషల్లో వేరియబుల్‌కు ఒక్కసారే విలువ కట్టాలి కాబట్టి ఈ సమస్యే పుట్టదు.

పైథాన్‌లో ఒక ఆశ్చర్యం

పైథాన్ రాసేవాళ్లలో చాలామంది, ఎఫ్811 అనే వార్నింగ్ అన్ని పునర్నిర్వచనాలనూ పట్టుకుంటుందనుకుంటారు. నిజం అది కాదు. వాడకముందే మళ్లీ నిర్వచించారని చెప్పే ఈ నియమం దిగుమతులు, ఫంక్షన్లు, క్లాసుల మీద పనిచేస్తుంది. భూపాలపల్లి జనాభాకు వరుసగా రెండు అంకెలిచ్చిన పై ఉదాహరణను పైఫ్లేక్స్‌కు ఇస్తే అది మౌనంగా ఉంటుంది. ఎఫ్841 కూడా ఫంక్షన్ లోపల అసలే వాడని పేర్లకే వర్తిస్తుంది. ఆ రెండు వరుసల్ని చూసి, పైన నిర్వచించిన పేరును వాడకుండానే మళ్లీ ప్రకటించారని చెప్పేది పైచార్మ్ ఎడిటర్. అంటే ఎడిటర్‌లో పసుపు గీత కనిపించిన తప్పు, సర్వర్ మీద నడిచే లింటర్ పరీక్షలో పాసైపోవచ్చు. ఒక బృందం ఒక్క లింటర్ పచ్చజెండా చూసి నిశ్చింతగా ఉంటే అది అతి నమ్మకమే.

ఎఫ్811 విలువ బాగా తెలిసేది టెస్టుల దగ్గర. జనగామ మండలాలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసే టెస్ట్ ఫంక్షన్ ఒకటి రాసి, దాన్నే కాపీ చేసి లోపల పేర్లు మహబూబాబాద్‌వి పెట్టి, ఫంక్షన్ పేరు మార్చడం మరిచిపోయారనుకుందాం. పైథాన్‌లో రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది. జనగామ టెస్ట్ ఇక ఎన్నడూ నడవదు, అయినా ఫలితాల్లో అన్నీ పాస్ అని వస్తాయి. గార్ల, బయ్యారం మునుపటి ఖమ్మం జిల్లా నుంచి మహబూబాబాద్‌లోకి వచ్చాయని జాగ్రత్తగా పరీక్షించిన ఆ ప్రోగ్రాము, జనగామను అసలు చూడనే లేదు. నా దృష్టిలో లింటర్‌ను పెట్టుకోవడానికి ఈ ఒక్క ఉపయోగం చాలు.

కొన్ని పునర్నిర్వచనాలు కావాలని చేసేవి ఉంటాయి. ఒక మాడ్యూల్ దొరికితే అది, లేకపోతే దాని బదులు వేరేది తెచ్చుకోవడం, పరిస్థితిని బట్టి ఒకే పేరుతో ఇటొక ఫంక్షన్ అటొక ఫంక్షన్ రాయడం లాంటివి. పైఫ్లేక్స్ వీటిని గుర్తుపట్టి వదిలేస్తుంది.

మూడు ఘన్‌పూర్‌లు

నిఘంటువు రకం డేటాలో ఒకే తాళంచెవి (కీ) రెండుసార్లు రావడం పునర్నిర్వచనంలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టే రూపం. మండలం పేరు ఇస్తే జిల్లా చెప్పే పట్టిక రాసేటప్పుడు పాత వరంగల్ ప్రాంతం వాళ్లు ముందే ఊహించగల చిక్కు ఒకటుంది: ఘన్‌పూర్. కాజీపేట–సికింద్రాబాద్ రైలు మార్గం మీది స్టేషన్ ఘన్‌పూర్ జనగామ జిల్లాలో ఉంది. లింగాల ఘన్‌పూర్ కూడా జనగామ జిల్లాదే. కాకతీయుల నాటి కోటగుళ్లు ఉన్న ఘన్‌పూర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. ఈ మూడోదాన్ని రికార్డుల్లో ములుగు ఘన్‌పూర్ అని రాయడం అలవాటు, అయినా అది ములుగు జిల్లాలో లేదు.

పట్టికలో "ఘన్‌పూర్" అనే తాళంచెవికి ఒకచోట "జనగామ", పది వరుసల కింద "భూపాలపల్లి" అని ఇస్తే పైథాన్ కిక్కురుమనదు. చివరిదే నిలుస్తుంది. స్టేషన్ ఘన్‌పూర్ రైతుల వివరాలన్నీ భూపాలపల్లి లెక్కలో పడతాయి. ఇక్కడ పైఫ్లేక్స్ ఆదుకుంటుంది. ఒకే తాళంచెవికి వేర్వేరు విలువలున్నాయని ఎఫ్601 కింద రెండు వరుసలనూ చూపిస్తుంది. ఈఎస్‌లింట్‌లోనూ దీనికి నియమం ఉంది. అయితే ఆ పట్టిక కోడ్‌లోనే రాసి ఉండాలి. అదే పట్టిక ఎక్సెల్ షీటు నుంచి చదివితే లింటర్‌కు ఏమీ కనిపించదు, ఎందుకంటే అది కోడ్‌ను చదువుతుంది గానీ డేటాను కాదు. తెలంగాణ జిల్లాల పొరపాట్లలో ఎక్కువ భాగం ఆ షీట్లలోనే ఉంటాయని ఎవరైనా ఊహించగలరు.

ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. చిట్యాల భూపాలపల్లి జిల్లాలో ఒకటి, నల్లగొండ జిల్లాలో ఒకటి. ములుగు అనే మండలం సిద్దిపేట జిల్లాలోనూ ఉంది. కొండా లక్ష్మణ్ పేరిట ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం ఆ ములుగులోనే ఉంది.

వరంగల్ సంగతి మరీ విచిత్రం. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా అంటే పాత పెద్ద జిల్లా. ఆ తర్వాత ఐదేళ్లు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ ఉన్నాయి గానీ విడిగా వరంగల్ అనే జిల్లా లేదు. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు అర్బన్ నుంచి ఇటు వచ్చాయి. ఒకే పేరు, మధ్యలో ఖాళీ, రెండు వేర్వేరు ప్రాంతాలు. 2011 జనగణన పట్టికలో వరంగల్ జనాభా 35,12,576 అని చూసి దాన్ని ఇప్పటి వరంగల్ జిల్లాకు అంటగట్టడం సులువు. ప్రోగ్రాములో ఈ పేరును మొదట ఒక అర్థంలో చదివి, తర్వాత రెండో అర్థంలో తిరిగి నింపితే ఏ లింటర్ కూడా కదలదు. నడుమ ఒక్కసారి చదివారు కదా, దాని లెక్క ప్రకారం అది వృథా కాదు. లింటర్‌కు తెలిసిన కాలం ప్రోగ్రాము వరుసల కాలమే, ప్రభుత్వ ఉత్తర్వుల కాలం కాదు.

కంటికి కనిపించని అక్షరం

తెలుగులో రాసిన కోడ్‌కు, తెలుగు డేటాకు ఇంకో ప్రత్యేక చిక్కు ఉంది. పొల్లు హల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపడానికి సున్నా వెడల్పు విభజకం అనే కనిపించని అక్షరం వాడతాం. సాఫ్ట్‌వేర్, ఘన్‌పూర్ లాంటి మాటల్లో అది తప్పనిసరి. అయితే మాట చివర కూడా అది చేరిపోతుంది. వార్తల సైట్ల నుంచి కాపీ చేసిన తెలుగులో వరంగల్ అనే మాట చివర అది ఉండటం మామూలే. అప్పుడు "వరంగల్" అనే తాళంచెవులు రెండు ఉంటాయి. తెర మీద అణువంత తేడా ఉండదు, యంత్రానికి మాత్రం రెండూ వేరు. ఇది పునర్నిర్వచనానికి తలకిందులు: ఒక్కటి కావలసినవి రెండయ్యాయి, కాబట్టి లింటర్‌కు చెప్పడానికేమీ ఉండదు.

వేరియబుల్ పేర్లలో భాషను బట్టి నడక వేరు. పైథాన్ పేరులో ఈ విభజకం కనిపిస్తే చెల్లని అక్షరమని ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది, కాబట్టి కంటికి ఒకేలా కనిపించే రెండు వేరియబుళ్లు పక్కపక్కనే బతకగలవు. ఐత్వం గుర్తుదీ ఇలాంటి కథే. యూనికోడ్‌లో దాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వానికి ఐత్వపు పొడవు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. పైథాన్ వేరియబుల్ పేర్లను ఒకే రూపంలోకి సమీకరిస్తుంది గనుక రెండూ ఒకటే అవుతాయి, ఒకదాని మీద ఇంకోటి పడిపోతుంది. జావాస్క్రిప్ట్‌లో విడిగానే ఉంటాయి. కోట్స్ లోపలి మాటల్ని మాత్రం పైథాన్ కూడా సమీకరించదు.

ఇలాంటి కనిపించని, తికమకపెట్టే అక్షరాలతో కావాలనే మోసం చేయవచ్చని 2021లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ట్రోజన్ సోర్స్ పరిశోధనతో చూపించారు. ఆ తర్వాత పైలింట్‌తో సహా పలు సాధనాలు అనుమానాస్పద అక్షరాల మీద తనిఖీలు పెంచాయి. తెలుగు విభజకాన్ని గుడ్డిగా నిషేధిస్తే సక్రమమైన తెలుగే తప్పుగా మారుతుంది. డేటా లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే మాట చివరి విభజకాన్ని కత్తిరించి, యూనికోడ్ రూపాన్ని సమం చేయడం నిదానమైన దారి.

వృథా వరుస ఏం చెబుతుంది

అనవసరమైన వరుస వల్ల యంత్రానికి నష్టం దాదాపు లేదు. కంపైలరే చాలాసార్లు దాన్ని తీసేస్తుంది. మరి ఎందుకు పట్టించుకోవాలి? దీనికి స్టాన్‌ఫర్డ్‌కు చెందిన యిచెన్ షీ, డాసన్ ఎంగ్లర్ 2002లో బలమైన జవాబిచ్చారు. లైనక్స్ కెర్నల్‌లో వృథా విలువలు, పనికిరాని షరతులు, ఎన్నడూ నడవని కోడ్ ఉన్న ఫైళ్లను వెతికారు. అలాంటి ఫైళ్లలో అసలైన తీవ్ర దోషాలు ఉండే అవకాశం మిగతావాటికంటే సుమారు 45 నుంచి 100 శాతం ఎక్కువని తేల్చారు. రాసిన మనిషి అయోమయంలో ఉన్న చోటే అక్కర్లేని వరుసలు పుడతాయి, అదే అయోమయంలోంచి అసలు తప్పులూ పుడతాయి. పీవీఎస్-స్టూడియో అనే విశ్లేషణ సాధనంలో వీ519 నియమం సందేశం కూడా ఇదే ధోరణిలో ఉంటుంది. వేరియబుల్‌కు వరుసగా రెండుసార్లు విలువ ఇచ్చారు, బహుశా ఇది పొరపాటు అంటుంది తప్ప తీసేయమని చెప్పదు.

చెప్పినట్టల్లా తీసేస్తే ఏమవుతుందో డెబియన్ లైనక్స్ చరిత్రలో ఉంది. 2006లో, రహస్య సంకేత తాళాలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో విలువ పెట్టని జ్ఞాపకస్థానాన్ని చదువుతున్నారని వాల్‌గ్రైండ్ ఫిర్యాదు చేసింది. అది ప్రోగ్రామును నడిపి చూసే సాధనం, లింటర్ కాదు, అయినా పాఠం ఒకటే. ఫిర్యాదు పోవడానికి డెబియన్ నిర్వాహకులు సంబంధిత వరుసలను కామెంటుగా మార్చేశారు. ఆ వరుసల్లో ఒకటి యాదృచ్ఛిక సంఖ్యల తయారీకి ప్రాణం. దాంతో తాళాల తయారీకి మిగిలిన యాదృచ్ఛికత ప్రాసెస్ సంఖ్య ఒక్కటే. ఒక్కో రకానికి, పరిమాణానికి 32,768 తాళాలే సాధ్యమయ్యాయి. 2008 మే నెలలో బయటపడేదాకా రెండేళ్లు ప్రపంచమంతటా సర్వర్లు ఊహించగల తాళాలతో నడిచాయి.

వృథాగా కనిపించే విలువ కావాలనే పెట్టినదీ కావచ్చు. పాస్‌వర్డ్ వాడాక దాని జ్ఞాపకస్థానాన్ని సున్నాలతో నింపడం భద్రతకు అవసరం. ఆ సున్నాలను ఎవరూ చదవరు కాబట్టి కంపైలర్ దాన్ని వృథా నిల్వగా లెక్కగట్టి తొలగించేస్తుంది. దీన్ని అడ్డుకోవడానికే సీ11 ప్రమాణంలో మెమ్‌సెట్-ఎస్, తర్వాత సీ23లో మెమ్‌సెట్-ఎక్స్‌ప్లిసిట్ వచ్చాయి.

సవరించే పద్ధతి

వార్నింగ్ వచ్చినప్పుడు మొదట చూడాల్సింది సమాన చిహ్నానికి కుడివైపు. అక్కడ ఫంక్షన్ పిలుపు ఉంటే, విలువ వృథా అయినా ఆ పిలుపు ఫైల్ రాయడమో డేటాబేస్ మార్చడమో చేస్తూ ఉండవచ్చు. అప్పుడు పేరును తీసి పిలుపును ఉంచాలి. రఫ్ తనంతట తాను సవరించే సౌకర్యం ఇస్తుంది, కానీ వాడని వేరియబుల్‌ను తొలగించే సవరణను ప్రమాదకరమైన సవరణల కోవలో పెట్టి, అడిగితేనే చేస్తుంది. కావాలనే చేసిన పునర్నిర్వచనమైతే ఆ వరుస చివర నోక్యూఏ అనే కామెంటుతో పాటు నియమం సంఖ్యను కూడా రాయాలి. సంఖ్య లేకుండా రాస్తే ఆ వరుస మీద లింటర్ పూర్తిగా నోరు మూసుకుంటుంది, రేపు వచ్చే వేరే తప్పు కూడా దాక్కుంటుంది.

డేటా పనివాళ్లు ఎక్కువగా వాడే జూపిటర్ నోట్‌బుక్‌లలో ఈ తలనొప్పి రెండింతలు. సెల్‌లను ఏ వరుసలోనైనా నడపవచ్చు కాబట్టి, ఒక సెల్‌లో చెరిపేసిన విలువ ఇంకా జ్ఞాపకంలో బతికే ఉంటుంది. మారిమో అనే కొత్త నోట్‌బుక్ దీనికి మొరటు పరిష్కారం ఎంచుకుంది. ఒక గ్లోబల్ పేరును ఒక్క సెల్‌లోనే నిర్వచించాలి, రెండో సెల్‌లో మళ్లీ నిర్వచిస్తే నడపదు. మొదట్లో విసుగు పుట్టిస్తుంది గానీ, జిల్లాల లెక్కల్లాంటి పనికి ఈ కట్టుబాటే మేలు.

భూపాలపల్లి ఉదాహరణకు తిన్నని సవరణ పేర్లను విడదీయడం: భూపాలపల్లి_2016, భూపాలపల్లి_2019. ఇంకా పెద్ద పట్టికైతే పేరు మీద ఆధారపడటం మానేసి, కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాకు, మండలానికి, గ్రామానికి ఇచ్చే కోడ్ సంఖ్యను తాళంచెవిగా పెట్టుకోవాలి. మూడు ఘన్‌పూర్‌లకు అందులో మూడు సంఖ్యలు ఉంటాయి. పక్కన ఆ ఎల్ల ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో రెండు గళ్లు చేర్చాలి.